గోడను అడిగే సేటు

మహబూబాబాద్‌లో వెంకట్రాజం సేటుకు రెండు పోర్షన్ల ఇల్లుంది. ఒకదాంట్లో తానుంటాడు, రెండోది అద్దెకిస్తాడు. ఖాళీ చేసేవాళ్ల అడ్వాన్సులో ఎంత కోయాలో మాత్రం ఆయన తేల్చడు. రెండు పోర్షన్ల నడిమి గోడకు చెవి ఆనించి గోడనే అడుగుతాడు.

గోడ అబద్ధమాడదని వీధి వీధంతా నమ్మేది. ఇదివరకు అద్దెకున్న యుగేందర్ సారు ఖాళీ చేసేటప్పుడు, టీవీ బిగించిన రంధ్రాలకు టూత్‌పేస్టు కూరి, నున్నగా రాసి, ఏమీ ఎరగనట్టు తాళంచెవి ఇచ్చాడు. సేటు చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"సారూ, గోడకు పండ్లు తోమినవా?"

"ఎవలు చెప్పిండ్రు?"

"గోడనే."

సారుకు అయిదొందలు కోత పడింది.

ఆ కథ విని పడీ పడీ నవ్వుకుంటూనే ఆ పోర్షన్లో దిగింది సోమ్లీ. దవాఖానలో నర్సు. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకుంటుంది. రెండు నెలల కిందట దంతాలపల్లి దగ్గర తండాలో తల్లి పోయింది. సోమ్లీకి ఆఖరి చూపు దక్కలేదు. అప్పటినుంచి మిట్టమధ్యాహ్నం గోడ వైపు తిరిగి "యాడీ, యాడీ" అని కుమిలేది. లంబాడీ మాటలో యాడీ అంటే అమ్మ.

ఒకరోజు గోడ పలికింది.

"గీడనే ఉన్న."

ఆడగొంతో మగగొంతో తెలియని బొంగురు. సోమ్లీ ఏడుపు టక్కున ఆగింది. ఎన్నో శవాలకు గుడ్డ కప్పిన మనిషే దుప్పటి ముసుగు పెట్టుకుంది. మర్నాడూ అంతే. "యాడీ" అనడమే తడవు, కాస్సేపాగి గోడలోంచి నింపాదిగా "గీడనే ఉన్న" అని వచ్చేది. సేటు పగలంతా దుకాణంలోనే ఉంటాడు. మరి అమ్మేనా? బతికినన్నాళ్లూ అమ్మకు తెలుగు రెండు ముక్కలు రాలేదు. పోయాక నేర్చుకుందా? ధైర్యం చేసి గోడ మీద చేయి పెడితే అవతల ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు తోచింది.

ఇక ఆ ఇంట్లో ఉంటే పిచ్చెక్కుతుందనుకుంది. స్టేషన్ అవతల వేరే ఇల్లు చూసుకుంది. సాయంత్రంలోగా పదిహేను వేలు కట్టకపోతే అది ఇంకొకరికి పోతుంది. ఉన్నదంతా తల్లి దినాలకు ఖర్చయింది. ఇక ఆధారం ఇక్కడి పదిహేను వేల అడ్వాన్సే.

ఆటోలో సామాను ఎక్కించాక సేటు వచ్చి గోడకు చెవి ఆనించాడు.

"గోడకు మూడు మొలలు కొట్టినవ్. సున్నం పెచ్చు ఊడింది. వెయ్యి పోతది బిడ్డా."

"రూపాయి తగ్గినా నాకు గా ఇల్లు దొరకది సేటూ. అసలు నువ్వే నాకు ఎదురు పైసలియ్యాలె. గీ ఇంట్ల దయ్యమున్నది."

సేటు చెవి తీయలేదు.

"ఉన్నది. నాకెరికే," అన్నాడు మెల్లగా.

సోమ్లీ గడప దాకా వెనక్కి జరిగింది.

"రెండు నెలల సంది గోడ ఏడ్సుకుంట అడుగుతాంది. యాడ? యాడ? అని. ముప్పై ఏండ్ల సంది ఇంటున్న, ఏడ్సే గోడను ఎన్నడు ఇనలే. నువ్వు నిద్రల ఉంటవని నీకు చెప్పలే. నాకూ భయమే అయింది. కని అంతగనం ఏడ్సేదాన్ని ఒక్కదాన్నే ఎట్ల ఇడిసిపెడ్త? రోజూ పగటాల దుకాణం బందువెట్టి వచ్చి, గోడకానుకొని కూసుండి, గీడనే ఉన్న అంటున్న. గప్పుడు జర ఊకుంటది."

సోమ్లీ ఆయన ముఖంలోకి చూసింది. చూసి, ఉన్నచోటనే కూలబడి, రెండు నెలల తర్వాత మొదటిసారి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"ఏడ్సింది గోడ కాదు సేటూ, నేను. యాడ కాదు, యాడీ. మా భాషల అమ్మ."

సేటు చెవి గోడను వదిలింది.

"అంటే, గోడ నాకేం చెప్పలేదా?"

"లే సేటూ."

"మరి మొలల సంగతి గూడ చెప్పనట్టే కద," అని పదిహేను వేలూ ఆమె చేతిలో పెట్టి, తప్పుచేసినవాడిలా తల దించుకున్నాడు.

సోమ్లీ ఆ నోట్లు మళ్లీ ఆయన జేబులో కుక్కి, సామాను దించమని ఆటో అతనికి కేకేసింది.