నీళ్ళ అవతలి తల్లికి ఒడిబియ్యం

ఆ ఊరు నిజంగానే ఉంది. అబద్ధపు ఊరైతే నాకు ఇంత మంట ఉండేది కాదు. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. కూడబలుక్కుని చదివిన ఒక పుస్తకంలో దాని బొమ్మ కనబడింది. వియత్నాంలో సముద్రం ఒడ్డున ఊరు, పేరు న్యాచాంగ్. గుట్ట మీద ఎర్ర ఇటుక గోపురాలు, కింద ఏరు సముద్రంలో కలిసే చోట పడవలు. వాడు చెప్పింది చెప్పినట్టే ఉంది.

వాడంటే ఓడవంటవాడు. ఎనభైల మొదట్లో దుబాయ్‌లో నైఫ్ బజారు వెనక ఒక గదిలో ఉండేవాళ్ళం. మేమంతా కరీంనగర్ వైపు వాళ్ళం, కట్టుబడి పనివాళ్ళం. నాది సుతారి పని, గోడలు కడతాను. వాడొక్కడే కాకినాడ వైపు మనిషి. ఓడల్లో వంట చేసేవాడు, ఓడ దొరకని రోజుల్లో మా గదిలో చాప వేసుకునేవాడు. శుక్రవారం మాకు సెలవు. బయట ఎండ, తిరగడానికి బండి లేదు. అందుకని వాడు చేపల పులుసు కలుపుతూ మమ్మల్ని కూర్చున్నచోటే ఊళ్ళు తిప్పేవాడు.

“అక్కడ జాలర్లవి గుండ్రటి బుట్టలు బావా. అందులో కూర్చుని సముద్రంలోకి పోతారు.”

“గంపల కూసొని పోతరా? మునగరా?” అని నవ్వాను.

“పేడా జిగురూ పూస్తారు. మీ ఊళ్ళో గంపలకి పేడ అలకరా? అంతే.”

కొండ మీద తెల్లటి పెద్ద బుద్ధుడు కూర్చున్నాడన్నాడు. సముద్రం ఒడ్డున బండ మీద రాక్షసుడి అరచెయ్యి అచ్చు ఉందన్నాడు. అవి విని ఊరుకున్నాను. గోపురాల మాట దగ్గరే నేను వాడి వలలో పడిపోయాను.

“ఇటుకకీ ఇటుకకీ మధ్య సున్నం కనబడదు బావా. గోరు పెట్టి చూశాను, దూరలేదు.”

అబద్ధాలాడేవాడికి ఇటుకల సందు పట్టదని నా నమ్మకం.

ఆ గోపురంలో పది చేతుల అమ్మవారట. గంధపు మొద్దులో దాగి సముద్రం మీద తేలి వచ్చిందట. పిల్లలు చల్లగా ఉండాలని ఆడవాళ్ళు పూలూ పళ్ళూ తెస్తారట, ఏడాదికోసారి ఆమెకు స్నానం చేయించి కొత్త బట్టలు కడతారట. “మన అమ్మవారే, వేషం మార్చుకుంది,” అన్నాడు.

అప్పటికి నాకు ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారు. నా భార్య మూడోసారి కడుపుతో ఉంది. చదువు రాని మాకు టేపు క్యాసెట్లే జాబులు. మాటలు నింపి, ఊరికి పోయేవాడి చేతిలో పెట్టేవాళ్ళం. ఆ తల్లి సంగతి నింపి పంపితే ఆమె జవాబు ఇలా వచ్చింది:

“ఈడి తల్లులందరికీ ఒడిబియ్యం పోసిన. ఎవ్వరూ నిలబెట్టలే. ఆమెకు గూడ పోపియ్యి. నువ్వు నీళ్ళ అవతల ఉన్నవు, ఆమె గూడ నీళ్ళ అవతలదే గద.”

ఒడిబియ్యం అంటే పుట్టింటివాళ్ళు ఆడబిడ్డ ఒడిలో పోసే పసుపు బియ్యం. అమ్మవారికీ ఇంటి ఆడబిడ్డకు పోసినట్టే పోస్తాం.

కొన్నాళ్ళకు వాడు తనకు ఓడ దొరికిందనీ, అటువైపే పోతుందనీ చెప్పాడు. నేను అడగకముందే అన్నాడు: “నిన్ను బావా అంటున్నానా లేదా? అంటే నీ పెళ్ళాం నాకు చెల్లెలు. చెల్లెలి మొక్కు అన్న కాక ఎవడు మోస్తాడు? కట్టు మూట.”

తలస్నానం చేసి బియ్యానికి పసుపు పట్టించాను. ఎండుకొబ్బరి కుడుకలు, వక్కలు, పసుపు కొమ్ములు పెట్టి, నైఫ్‌లో కొన్న ఆకుపచ్చ జాకెట్టు గుడ్డలో మూట కట్టాను. వాడు దాన్ని కళ్ళకద్దుకుని తీసుకున్నాడు.

రెండు నెలలు పోయాక వాడి వైపు మనిషొకడు మా గదికి వచ్చి, “ముట్టిందని చెప్పమన్నాడండీ, గోపురంలోనే పోశాడంట,” అన్నాడు. వెంటనే క్యాసెట్ నింపి పంపాను. జవాబులో నా భార్య నవ్వింది. పిల్లలు పోయాక ఆమె నవ్వు వినడం అదే మొదటిసారి. “ఇగ నాకు బుగులు లేదు,” అంది.

తర్వాత కంపెనీ మమ్మల్ని అవతలి తీరాన కల్బా అనే ఊళ్ళో పనికి పంపింది. పని దిగాక చాయ్ తాగుదామని ఒక హోటల్‌కు పోతే, పరోటా పెనం వెనక వాడు నిలబడి ఉన్నాడు. పక్కన పిండిముద్ద మీద తడిపి కప్పింది నా ఆకుపచ్చ గుడ్డే. అంచున పసుపు మరక ఇంకా పోలేదు.

“ఓడ ఎప్పుడు దిగినవ్?”

“ఎక్కితే కదా దిగడానికి! ఆ ఓడ రాలేదు బావా, ఖలాస్. ఇక్కడ పని దొరికింది.”

“బియ్యం?”

“పసుపు ఎలాగూ పట్టి ఉంది కదా. పులిహోర కలిపేశాం.”

“మరి ముట్టిందని చెప్పి పంపినవ్?”

“పంపకపోతే చెల్లెమ్మ బెంగపెట్టుకోదూ? నేను ఊరు చూశాను, అమ్మవారిని చూశాను, అదంతా నిజం. ఒక్క మూట దగ్గర ఇంత రాద్ధాంతమా? యల్లా, కూర్చో, వేడివేడిగా తిను.”

“ఆ నోటితోని చెల్లె అనకు,” అని పిండి మీది గుడ్డ గుంజుకుని వచ్చేశాను.

అప్పుడు ఆమెకు ఏడో నెల. నిజం చెబితే ఆ నవ్వు పోతుంది. భయంతో, బుగులుతో ఉన్న మనిషికి కాన్పు ఎట్లా అవుతుందో రెండుసార్లు చూశాను. క్యాసెట్‌లో కల్బా సముద్రం గురించి చెప్పి ఊరుకున్నాను.

ఆడపిల్ల పుట్టింది. బతికింది. అప్పటికి మేం దుబాయ్ గదికి తిరిగొచ్చాం. కబురు కల్బా దాకా ఎట్లా పోయిందో, ఒక శుక్రవారం వాడు హల్వా పొట్లం పట్టుకుని మా గదికి దిగాడు.

“చూశారా మా అమ్మవారి మహిమ! బావా, పిల్లని మేనమామకి ఎప్పుడు చూపిస్తావు?”

“నా పెండ్లానికి అన్నలు లేరు. నడువ్ ఇక్కడి నుంచి.”

గదిలోవాళ్ళకు జరిగిందంతా తెలుసు. అయినా నన్నే తప్పుపట్టారు. “పిల్ల మంచిగనే ఉంది గదనే, ఇంకేం పంచాయితి?” అన్నారు. వాడితో కలిసి హల్వా తిన్నారు. వాడు చేసిన మోసంకన్నా ఆ వేళ్ళు నాకడం నన్ను ఎక్కువ కోసింది.

సెలవు దొరికి ఊరికి పోయాక నా భార్యకు ఉన్నదున్నట్టు చెప్పాను. పిల్ల ఆమె ఒళ్ళో నిద్రపోతోంది. వాణ్ణి తిట్టలేదు, నన్నూ తిట్టలేదు.

“రోజూ పొద్దూకంగ తూర్పు మొఖాన నిలబడి దండం పెట్టిన,” అంది. “ఆమెకు ఏమియ్యకుండనే, ఇచ్చిన అనుకొని అడిగిన. ఆ తల్లి నన్ను ఎంత సిగ్గుమాలినదాన్ని అనుకున్నదో.”

ఆ సిగ్గు ఆమెది కాదని ఎంత చెప్పినా వినలేదు.