గణపతికి తెచ్చిన మూడాకులు

డ్రైవింగ్ టెస్టులో రెండుసార్లు తప్పిన మా ఆవిడ, ఈసారి గట్టెక్కిస్తే ఇరవైయొక్క పత్రితోనూ పూజ చేస్తానని వినాయకుడికి మొక్కుకుంది. ఆయన గట్టెక్కించాడు. ఎనభైల మొదట్లో ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆ మొక్కు తీర్చడం కంటే సముద్రానికి వారధి కట్టడం తేలిక. కొన్ని ఆకులు ఫ్లోరిడా నుంచి పార్సిల్లో వచ్చాయి. కొన్ని ఎవరి సూట్‌కేసులోనో కస్టమ్స్ కళ్ళుగప్పి వచ్చాయి. చవితి ముందురోజుకి మారేడు ఒక్కటే తక్కువైంది.

"దొరక్కపోతే అక్షతలు వేస్తే సరి," అన్నాను.

"మొక్కు తీరకుండా నేను స్టీరింగ్ ముట్టుకోను. మీ ఇష్టం."

ఇంటి వెనక అడవిలోకి వెళ్ళాను. సాక్షాత్తూ త్రిదళం! ఓక్ చెట్టుని కావలించుకుని, ఆకాశం దాకా నిగనిగలాడుతోంది. మారేడు తీగలా పాకడమేమిటని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. మిషిగన్ చలికి పాపం ఆసరా పట్టుకుందిలే అనుకుని సంచీడు కోశాను. భక్తి పొంగి ఒక రెమ్మని కళ్ళకద్దుకున్నాను. రెండు కళ్ళకీ, తనివితీరా.

తెల్లారి తెరుద్దామంటే నాకు కళ్ళే లేవు. మొహం గుమ్మడికాయంత అయింది.

"ఏవండీ! తొండం ఒక్కటే తక్కువండీ!" మా ఆవిడ కేక ఒహాయో దాకా వినిపించి ఉంటుంది.

ఆ తర్వాత జరిగినవన్నీ నేను విన్నవే. పక్కింటి అమెరికన్ పెద్దావిడ పరుగున వచ్చింది. కారు నడపడం మానేసి, మెడలో భూతద్దంతో ఆ అడవంతా నడుస్తూ, పువ్వు పువ్వునీ పేరు పెట్టి పలకరించే మనిషి. ఏం ముట్టుకున్నానని అడిగింది. మా ఆవిడ ఫ్రిజ్‌లోని సంచి తెచ్చి విప్పబోయింది.

"ఆగు! అది పాయిజన్ ఐవీ! తాకితే ఒళ్ళంతా బొబ్బలు!"

ఈ కేక కెనడా దాకా వెళ్ళింది. దాన్ని నేను కళ్ళకద్దుకున్నానని మా ఆవిడ చెప్పింది.

"డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు," అంది పెద్దావిడ.

"ఎలా తీసుకెళ్ళను? మొక్కు తీరందే!" అంటూ మా ఆవిడ ఏడుపు మొదలుపెట్టింది. ఆ ఏడుపులోనే తన బీయస్సీ బోటనీ బయటికి తీసి, మారేడంటే ఏమిటో చెప్పింది. మూడాకుల చెట్టు, నలిపితే వాసన, నిమ్మ కుటుంబం.

"నిమ్మ కుటుంబమా?" అంటూ పెద్దావిడ బయటికి పరిగెత్తింది. కాసేపటికి ఏదో కొమ్మతో వచ్చింది.

"మళ్ళీ మూడాకులేనా!" మా ఆవిడ గోడకి అంటుకుపోయిన చప్పుడు నాకు వినిపించింది.

"ఇది వేఫర్ ఆష్. ఈ నేల మీద పుట్టిన చెట్టే. అదే కుటుంబం. నలిపి చూడు."

ఘాటైన వాసన సోఫా దాకా వచ్చింది.

"అయితే మారేడుకి మేనత్త కూతురన్నమాట," అంది మా ఆవిడ, ముక్కు చీదుకుంటూ. వెంటనే పూజగంట మోగింది.

పూజయ్యాక ఒక ఆకు తెచ్చి, తను కళ్ళకద్దుకుని, నా మొహం దగ్గర పెట్టింది. "మీరూ అద్దుకోండి."

నేను సోఫా అవతలి చివరికి జరిగి అక్కణ్ణించే దణ్ణం పెట్టాను.

"సరే, లేవండి. డ్రైవ్ చేసేది నేనే," అంటూ తాళాలు గలగలలాడించింది.

ఫ్రీవే మీద వెనకనుంచి లారీలు హారన్ కొడుతున్నంతసేపూ, కళ్ళు మూసుకుపోయినందుకు ఆ మూడాకులకి మనసులోనే మొక్కుకున్నాను.