మద్రాసు వెళ్ళొచ్చిన కార్డుల కట్ట

కంప్యూటర్‌ని చూడకుండా కంప్యూటర్ చదువుకున్నదాన్ని నేను. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో మాకు ఆ సబ్జెక్టు కొత్తగా పెట్టారు. చెప్పడానికి సార్ ఉన్నారు, సిలబస్ ఉంది, పరీక్ష ఉంది, ప్రాజెక్టు కూడా ఉంది. యంత్రం ఒక్కటే లేదు. అది మద్రాసులో ఉంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని క్లాసులో మగపిల్లలు నవ్వుకునేవాళ్ళు. నేను నవ్వేదాన్ని కాదు. ఆడపిల్లని నేనొక్కదాన్నే. నవ్వితే ఒక తంటా, నవ్వకపోతే ఒక తంటా. రెండోది కాస్త నయం.

ప్రోగ్రాం రాయడమంటే మాకు గళ్ళ కాగితం మీద పెన్సిలుతో గడికొక అక్షరం చొప్పున రాయడం. సార్ ఆ కాగితాలు మద్రాసు తీసుకెళ్తే, అక్కడ టైపు మిషను లాంటి దాని మీద అట్టకార్డులకు చిల్లులు పొడిచేవారు. ఒక్కో వాక్యానికి ఒక్కో కార్డు. ఆ కట్టని యంత్రం వరసగా మింగి, అన్నీ సరిగా ఉంటే జవాబు అచ్చుకొట్టి ఇస్తుంది. ఎక్కడైనా ఒక్క కామా తప్పినా తప్పుందని మాత్రం చెప్పి ఊరుకుంటుంది. సార్ తిరిగొచ్చేదాకా తప్పుందన్న సంగతే మాకు తెలియదు. దిద్దుకున్నాక ఆయన మళ్ళీ వెళ్ళేదాకా ఆ దిద్దింది సరైనదో కాదో తెలియదు.

నా ప్రాజెక్టు మా ఊరి కరెంటు గురించే. తెనాలి నుంచి రేపల్లె దాకా వచ్చేసరికి లైన్లో ఎంత కరెంటు దారిలోనే ఆవిరైపోతోందో లెక్కగట్టడం. సాయంత్రమైతే మా ఇంట్లో బల్బు గుడ్డిదీపంలా వెలిగేది. దాని కింద కూర్చుని అది ఎందుకలా వెలుగుతోందో లెక్కలు వేసుకునేదాన్ని. నా జీవితంలో నేను నిజంగా ప్రేమించిన పని అదొక్కటే అనిపిస్తుంది ఇప్పుడు.

ఆ ఏడాదే ప్రత్యేకాంధ్ర ఉద్యమం వచ్చి కాలేజీలు మూతపడ్డాయి. హాస్టలు ఖాళీ చేసి రేపల్లె వచ్చేశాను. సార్‌ది బాపట్ల కావడంతో ఆయనా ఇంటికి చేరారు. రైళ్ళు నడిచిన రోజుల్లో ఆయన మద్రాసు వెళ్ళొస్తూనే ఉన్నారు. నేనూ మా నాన్నా రేపల్లె నుంచి ప్యాసింజరులో తెనాలి, అక్కడ బండి మారి బాపట్ల వెళ్ళి ఆయన చేతికి కాగితాలిచ్చి వచ్చేవాళ్ళం. ఒక్కదాన్నే వెళ్తానంటే ఇంట్లో ఒప్పుకునేవాళ్ళు కారు. మద్రాసు మాట ఎత్తేదే లేదు.

మాది ఉమ్మడి కుటుంబం. పొలం పెదనాన్న చూసేవాడు, మాటా ఆయనదే. మా నాన్న హైస్కూల్లో సైన్సు మేష్టారు. నన్ను ఇంజనీరింగులో చేర్చడానికి నాన్న అన్నగారి ముందు మొదటిసారి, చివరిసారి కూడా, గొంతు పెంచాడట. పెదనాన్న ఒప్పుకుంటూనే గిరి గీశాడు. "ఒక్క ఏడూ తప్పకుండా పాసైతే ఉద్యోగానికి పంపుదాం. తప్పిందా, మళ్ళీ హాస్టళ్ళు గీస్టళ్ళు లేవు. ఇంటి పట్టునుంటుంది." ఆయన చెడ్డవాడు కాదు. ఆయన మాట మీద ఇంట్లో ఇంకో మాట ఉండేది కాదు, అంతే.

చివరిసారి బాపట్ల వెళ్ళినప్పుడు సార్ అచ్చుకాగితంతో పాటు కార్డుల కట్ట కూడా నా చేతికిచ్చారు. "వరస ఒకసారి సరిచూసుకో అమ్మా. మార్చాల్సిన చోట చీటీ పెట్టు, ఆ కార్డులు అక్కడ కొత్తవి కొట్టిస్తాను. మళ్ళీ వెళ్ళేది ఒక్కసారే. ఆ తర్వాత వాళ్ళు మనకి టైం ఇవ్వలేమన్నారు. మిషను జవాబు లేకపోతే ప్రాజెక్టుకి మార్కులు వెయ్యడం నా చేతుల్లో ఉండదు."

ఇంటికొచ్చి ఆ కట్టని పసిపిల్లలా చూసుకున్నాను. తప్పులు దొరికాయి, చిన్నవే. ఈసారి పని జరుగుతుందని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే కాబోలు నోరు జారి, ఇవి మద్రాసు వెళ్తున్నాయనీ నా చదువంతా వీటి మీదే ఉందనీ నాయనమ్మకి చెప్పాను.

మా నాయనమ్మ చేతి పసుపు పడకుండా ఆ ఇంటి గడప దాటిన వస్తువు లేదు. శుభలేఖలు సరే. కొత్త పుస్తకాలు, కొత్త సైకిలు, పెదనాన్న కొన్న ఆయిలింజను, నా హాస్టలు పెట్టె, దేన్నీ వదల్లేదు. బయల్దేరేరోజు నేను స్నానం చేసి వచ్చేలోపు ఆవిడ కట్టని దేవుడి ముందు పీట మీద పెట్టి, పసుపు నీళ్ళతో బాగా తడిపి, నాలుగు మూలలా పై నుంచి కింద దాకా పసుపు మెత్తింది. మధ్యలో కుంకుమ బొట్టు పెట్టింది. మళ్ళీ జాగ్రత్తగా గుడ్డసంచీలో చుట్టి నాన్న చేతికిచ్చింది. "జాగర్తరా, పిల్ల బతుకది," అని కూడా అంది.

నేను చూసింది రైలెక్కాక. సంచీ అడుగున పసుపు చెమ్మ కనబడింది. విప్పేసరికి మూలలు ఉబ్బి, కార్డులు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. విడదీస్తుంటే అట్ట పొర లేచి వస్తోంది. కార్డు వెంట్రుకవాసి వంగినా మిషను తీసుకోదని సార్ క్లాసులో ఎన్నిసార్లు చెప్పారో.  నాన్న సగం కట్ట తీసుకుని పైపంచెతో అద్దడం మొదలుపెట్టాడు.

ఎదుటి బల్ల మీద కూర్చున్న పెద్దావిడ చాలాసేపు చూసి అడిగింది. "ఏంటమ్మా అవి, పేకముక్కలా?"

"కాదండి. చదువుకి సంబంధించినవండి."

"మరి పసుపెందుకు పూశారు?"

"మా నాయనమ్మ పూజలో పెట్టిందండి."

"మంచిదే కదమ్మా. దానికి ఏడుస్తావేంటి?"

 శుభమే కదా. ఎవరిని అడిగినా శుభమనే అంటారు. కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేని కష్టం అది. అందుకే అంత ఏడుపొచ్చింది.

తెనాలిలో బాపట్ల బండి ఆలస్యం. ఎప్పుడొస్తుందో స్టేషనులో ఎవరికీ తెలియదు. నాన్న ప్లాట్‌ఫారం మీద ఎండ పడుతున్న బల్ల చూసి, కార్డులు వరస తప్పకుండా పరిచి, ఎగిరిపోకుండా తన చెప్పులూ గొడుగూ మంచినీళ్ళ మరచెంబూ బరువు పెట్టాడు. పిల్లలకి సైన్సు చెప్పే మనిషి. తడిసింది ఎండితే సరిపోతుందనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. ఎండాయి, కానీ అప్పడాల్లా వంకర్లు తిరిగాయి.

బాపట్లలో సార్ వాటిని ఒక్కొక్కటే తీసి చూశారు. తర్వాత మూలలు నిమురుతూ, "మా అమ్మయినా ఇదే చేసేది," అన్నారు.

"కొత్తవి కొట్టించలేమా సార్?"

"అన్నీ మళ్ళీ కొట్టాలంటే అక్కడి వాళ్ళకి తీరికుండాలి అమ్మా. అడుగుతాను. కాళ్ళావేళ్ళా పడతాను."

"మేష్టారూ, నేను కూడా రానా మీతో?" అన్నాడు నాన్న.

"మీరొచ్చి ఏం చేస్తారండి. నన్నే గుమ్మం బయట నిలబెడతారు."

ఆయన మద్రాసు వెళ్ళాక రైళ్ళు మళ్ళీ ఆగిపోయాయి. ఎక్కడో పట్టాలు తీసేశారన్నారు, ఎక్కడో స్టేషను తగలబెట్టారన్నారు. మనిషి ఎక్కడున్నాడో, కార్డులు ఏమయ్యాయో తెలియకుండా రోజులు గడిచాయి. నేను చేయగలిగింది ఏమీ లేదు. పప్పు రుబ్బాను, బట్టలుతికాను, రాని బండి కోసం స్టేషను వైపు చెవి పెట్టాను. నాయనమ్మ మాత్రం ధైర్యంగా ఉంది. "నీకెందుకే బెంగ, నేను దేవుడి దగ్గర పెట్టి పంపాగా," అనేది. నేను తలూపేదాన్ని.

రైళ్ళు మళ్ళీ తిరిగాక బాపట్ల వెళ్ళాం. సార్ గుమ్మంలోకి వచ్చిన తీరులోనే నాకు తెలిసిపోయింది. కట్ట తెచ్చి బల్ల మీద పెట్టారు. "మొదటి నాలుగైదూ తీసుకుందమ్మా. తర్వాత ఇరుక్కుపోయింది. దాన్ని విప్పి బాగుచెయ్యడానికి వాళ్ళకి చాలాసేపు పట్టింది. ఇంక ఆ కట్ట లోపలికి తేవద్దన్నారు. కొత్తవి కొట్టమంటే తలుపేసుకున్నారు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ప్రోగ్రాం తప్పు కాదు. నేను మొత్తం చేత్తో చూశాను. అది నడిచేదే."

అది నడిచేదే. ఫెయిలయ్యావని చెప్పినా నాకు అంత నొప్పి పుట్టేది కాదేమో.

 తెనాలిలో బండి మారేటప్పుడు నాన్న, "ఇంట్లో నేను చెప్తాను, నువ్వు లోపలికెళ్ళిపో," అన్నాడు. నేను లోపలికి వెళ్ళలేదు, తలుపు దగ్గరే నిలబడ్డాను. వసారాలో పెదనాన్న మంచం మీద ఉన్నాడు, నాయనమ్మ ఒత్తులు చేసుకుంటోంది.

"ఏమైందిరా?" అన్నాడు పెదనాన్న.

"పోయింది అన్నయ్యా. తెనాలి స్టేషన్లో మరచెంబు ఒలికి కార్డుల మీద పడింది. ఎండబెట్టబోయి ఇంకా పాడుచేశాను. మిషను తీసుకోలేదు."

నాయనమ్మ చేతిలో పత్తి కింద పెట్టేసింది. "చిలక్కి చెప్పినట్టు చెప్పానుగదరా, పిల్ల బతుకని. చదువుకున్నవాడివి, ఒక చెంబు చూసుకోలేవూ?" ఆవిడ ఏడుస్తూ తిట్టింది. తిడుతూ ఏడ్చింది. పెదనాన్న మాత్రం తిట్టలేదు. "సరే, రాత. ఇంక ఈ చదువు చాలు," అని కండువా భుజాన వేసుకుని పొలానికి వెళ్ళిపోయాడు. ప్రాజెక్టు మళ్ళీ చెయ్యాలంటే ఇంకో ఏడాది హాస్టల్లో ఉండాలి. ఆ మాట అడిగే ధైర్యం నాన్నకి మిగల్లేదు, తప్పు తనదని ఒప్పుకున్నాక ఎలా మిగులుతుంది.

పెరట్లో నాన్నని పట్టుకున్నాను. "నిజం చెప్పేద్దాం నాన్నా. నాయనమ్మే గట్టిగా అడిగితే పెదనాన్న ఇంకో ఏడాది ఇస్తాడేమో."

"చెప్తే ఆవిడ బతకదమ్మా," అన్నాడు. "నాకేముంది, నాలుగు తిట్లేగా."

నాలుగు తిట్లు కావవి. నాయనమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. చుట్టం వచ్చినప్పుడల్లా, మనవరాలిని ఇంజనీరు కాకుండా చేసిన కొడుకు గురించి చెప్పేది. నేను ఊళ్ళోనే ట్యుటోరియల్లో లెక్కలు చెప్పడానికి కుదిరాను. పొద్దున్నే నేను బయల్దేరుతుంటే ఆవిడ వసారాలోంచి నన్ను చూసి, నాన్న వైపు తిరిగి, "చూడరా, నీ వల్లేరా దానికీ గతి," అనేది.

"అవునమ్మా, నా వల్లే," అనేవాడు నాన్న, పేపరు మడిచి పక్కన పెట్టి. రోజూ అనేవాడు. నేను చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయేదాన్ని.