నాలుగో వరుసలో అదనపు బస్తా

గవర్నర్‌పేటలో రెండో అంతస్తులో కూర్చుని, కంకిపాడులో ఉన్న మినుముల గోదామును నడపడం నా ఉద్యోగం. ఆ గోదాముకు మా కంప్యూటర్‌లో ఒక కవల ఉంది. డిజిటల్ ట్విన్ అంటారు. లోపలి తేమ, వేడి, ఏ వరుసలో ఎన్ని బస్తాలు, అన్నీ ఆ బొమ్మలో ఎప్పటికప్పుడు కనిపిస్తాయి. వరుసల మధ్య తిరిగే రోబో తన కంటపడ్డవన్నీ బొమ్మలో చేరుస్తుంది. మనుషులు మాత్రం తమ దగ్గరున్న చిప్పును బట్టి ఆకుపచ్చ చుక్కలుగా కనిపిస్తారు.

ఆ చుక్కల తెలివి నాదే. మెడలో చిప్పు కార్డు వేసుకోమంటే, బస్తా మోసేటప్పుడు అడ్డమని హమాలీలు తీసి పక్కన పడేసేవారు. అయితే ఆ చిప్పును కంపెనీ ఇచ్చే బూట్లలో కుట్టించమన్నాను. మేనేజరు గారు శభాష్ అంటే పొంగిపోయాను కూడా.

నెలకోసారి పురుగు పట్టకుండా గోదాములో గ్యాస్ పెడతాం. ఆ గ్యాస్‌లో మనిషి బతకడు. చుక్కలన్నీ బయటికి వచ్చాయని చూసి నేను బటన్ నొక్కాలి. తలుపు దానంతటదే బిగుసుకుని గ్యాస్ మొదలవుతుంది. చుక్కల వంక నేను చూసేది ఆ ఒక్క రోజే.

ఆ మధ్యాహ్నం ఐదు చుక్కలు గేటు దగ్గర రేకుల షెడ్డులో కదులుతున్నాయి. ఆరోది హమాలీల మేస్త్రిగారిది. గుమ్మం బయట ఉంది. ఎంతసేపు చూసినా కదలదు. మనిషన్నాక కాలు మార్చుకోడా?  ఆ చిప్పు చెడిందేమోనని విసుక్కున్నాను.

అప్పుడే నాలుగో వరుస చివర నేల మీద ఒక బస్తా కనిపించింది. ఇందాక లేదు. తొందరలో ఎవరో వదిలేశారనుకుని బటన్ మీద వేలు పెట్టాను. బస్తా ఐదో వరుసలోకి వచ్చింది. రోబో ఎదురు వెళ్లింది. బస్తా పక్కకు తప్పుకుని దానికి దారి ఇచ్చింది.

నొక్కకుండా వేలు వెనక్కి తీసుకున్నాను. వెంటనే గోదాము వాచ్‌మన్‌కు ఫోన్ చేశాను.

"మేస్త్రిగారు ఎక్కడండీ?"

"లోపలే ఉన్నారండీ. బూట్లు గుమ్మం కాడే ఉన్నయ్యిగా."

కాసేపటికి మేస్త్రిగారే ఫోన్‌లోకి వచ్చారు. "గింజలున్న చోటుకి బూట్లేసుకుని ఎట్టా ఎల్తాం మేడం గారూ? ఎవురం ఎల్లం. తలుపేసే ముందు నేనోసారి బస్తాలకి దణ్ణం పెట్టుకొస్తానండీ. తప్పా?"

తప్పు కాదు. చల్లపల్లిలో మా ఇంట్లో వడ్ల గదిలోకి చెప్పులతో వెళితే అమ్మమ్మ వీపు విమానం మోత మోగించేది. అలా పెరిగిన నేనే బూట్లలో చిప్పులు పెట్టించాను. చిప్పు లేని మనిషిని రోబో బస్తాగా గీసింది. దాన్ని అని ఏం లాభం? నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ సాయంత్రం పాత రికార్డింగులు తీశాను. గ్యాస్ పెట్టే ముందు ప్రతిసారీ ఒక బస్తా వరుసలన్నీ తిరిగి గుమ్మం దాకా వచ్చింది. ఆ వెంటనే బయట నిలబడి ఉన్న చుక్క కదిలింది. నేను ప్రతిసారీ ఆ తరువాతే నొక్కాను. ఆ బస్తాను చూసి ఆగింది మాత్రం కాదు. ఒకసారి టీ వచ్చింది. ఒకసారి ఫోన్ వచ్చింది. కిందటి నెల ఎందుకు ఆగానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.