నా కారు ఎత్తు తగ్గించిన మా డేవిడ్ అన్నయ్య

నిన్న మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో లంచ్ బాక్స్ తెరుస్తుంటే గ్రేస్ వదిన ఫోన్.

"మీ అన్నయ్య లేరమ్మా" అంది. తర్వాత ఏడుపు.

ఏ అన్నయ్య అని అడిగాను. నిజంగానే అడిగాను. మొన్న ఆదివారం మా ఇంటికొచ్చి, నా కారు టైర్లలో గాలి తక్కువుందని కేకలేసి వెళ్లిన మనిషి గురించి ఆ మాట ఎలా అనుకుంటాం?

ఆఫీసుకు బయల్దేరుతూ ఛాతీలో నొప్పి అన్నాడట. హాస్పిటల్‌కి చేరేలోపే అయిపోయింది.

డేవిడ్ అన్నయ్య మా పెదనాన్న కొడుకు. మంగళగిరిలో ఉండేవాడు. ఎరువుల కంపెనీలో సేల్స్ ఉద్యోగం, కార్లంటే పిచ్చి.

తన కారును నేలకు ఎంత దగ్గరగా దించుకున్నాడంటే, మా చెల్లెలి పెళ్లి రోజు చర్చి గేటు ముందు ర్యాంప్ మీద అది అటూ ఇటూ కాకుండా ఇరుక్కుపోయింది. లోపల పెళ్లికూతురు. పట్టుచీరల్లోనే నవ్వుకుంటూ నెట్టాం. అప్పటికి నేను నడిచేదాన్ని. నేనూ నెట్టాను.

"నేల నాకే కారు" అని ఆ రోజే పేరు పెట్టాం. అన్నయ్య కూడా నవ్వాడు గానీ దాన్ని అంగుళం కూడా పైకి లేపలేదు.

తర్వాత నాకు యాక్సిడెంట్ అయింది. వెన్నెముక దెబ్బతింది. నడుము కింద కదలిక పోయింది.

స్కూలుకు మళ్లీ వెళ్లాలని పట్టుబట్టి మా కారుకు హ్యాండ్ కంట్రోల్స్ పెట్టించుకున్నాను. బ్రేకు, యాక్సిలరేటర్ అన్నీ చేతులతోనే. ప్రత్తిపాడులో మా ఇంటి నుంచి గుంటూరులో స్కూలు దాకా నడపడం వచ్చేసింది.

ఎక్కడమే రాలేదు.

మాది ఎత్తు కారు. సీటు నా వీల్‌చైర్ కంటే బాగా పైన ఉండేది. మధ్యలో చెక్క పలక వేసుకుని దాని మీద జరగాలి, కానీ అది గోడ ఎక్కినట్టే ఉండేది. పొద్దున మా ఆయన రవి ఎత్తి కూర్చోబెట్టేవాడు. స్కూల్లో తోటి మేడమ్‌లు దించేవాళ్లు. ఎవరూ ఎప్పుడూ విసుక్కోలేదు. నాకే చచ్చేంత సిగ్గుగా ఉండేది.

ఉద్యోగం మానేస్తానని అన్నయ్యకు చెప్పాను.

ఓదార్చలేదు. "నువ్వు ఎక్కలేకపోతే కారునే కిందికి దించుదాం" అన్నాడు.

నన్ను మంచం మీద కూర్చోబెట్టి, నా వీల్‌చైర్‌లో తను కూర్చున్నాడు. అంత భారీ మనిషి, కాళ్లు కదపకుండా, చేతుల బలంతోనే కారు సీటు మీదికి జరగాలని చూశాడు. జారి వాకిట్లో కూలబడ్డాడు. దుమ్ము దులుపుకుంటూ, "ఇంత కష్టమా చెల్లాయ్" అన్నాడు.

ఆటోనగర్‌లో ఒక మెకానిక్ స్ప్రింగులు కట్ చేస్తే చాలన్నాడు. రవి సరేనన్నాడు. అన్నయ్య ఒప్పుకోలేదు.

"కట్ చేస్తే స్ప్రింగ్ గట్టిపడుద్ది బావా. గుంటలో పడ్డప్పుడల్లా దెబ్బ తిన్నగా దాని నడుముకే పోద్ది. ఆ నడుం ఇంకో దెబ్బ తట్టుకుంటదా?"

"మరి నీ కారుకున్నవి?" అన్నాడు రవి.

"అయ్యి నా సరదాకి. ఎత్తు ఎంతకైనా మార్చుకోవచ్చు గానీ ఒళ్లు హూనమవుద్ది. రోజూ తిరిగే బండికి వద్దు."

వెతికి వెతికి, మా మోడల్‌కే సరిపోయే పొట్టి స్ప్రింగులు, వాటికి జతగా పొట్టి షాక్ అబ్జార్బర్లు తెప్పించాడు. పాత షాకులే ఉంచేస్తే కొత్త స్ప్రింగులతో కుదరక తొందరగా పోతాయట.

ఇంకా కిందికి దించే సెట్ కూడా ఉంది. దాంతో సీటు సరిగ్గా నా వీల్‌చైర్ ఎత్తుకు వచ్చేది. నాకదే కావాలన్నాను.

"మన రోడ్లు ఒప్పుకోవమ్మా. సగం కారుని దించుదాం, సగం నీ కుర్చీని లేపుదాం" అన్నాడు. వీల్‌చైర్‌కి మందమైన కుషన్ తెచ్చాడు.

ఫిటింగ్, వీల్ అలైన్‌మెంట్ అయ్యాక, బరువు కోసం రవినీ అమ్మనీ వదిననీ వెనక సీట్లో కుక్కాడు. గుంటూరు దాకా ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా దిగి, రోడ్డు పక్కన బోర్లా పడుకుని, నేను దాటిస్తుంటే కారు అడుగు తగులుతుందేమోనని చూశాడు.

పత్తి లోడు ట్రాక్టర్ నడిపే ఆయన ఆపి, "ఏవైందండీ, దెబ్బలేవన్నా తగిలినయ్యా?" అని కంగారుగా అడిగాడు.

"ఏం లేదండీ, మా చెల్లెలి కారు పొట్ట చూస్తన్నా" అన్నాడు అన్నయ్య, లేవకుండానే.

వదిన తల పట్టుకుంది. చొక్కా అంతా నల్లమట్టి.

ఒక్క బ్రేకర్ దగ్గర మాత్రం గీరుకుంది. దాన్ని ఐమూలగా ఎలా దాటించాలో అక్కడే నేర్పాడు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ మంగళగిరి నుంచి వచ్చి, మా వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అలవాటుగా రవి ముందుకొస్తే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎక్కు చెల్లాయ్. ఎవరూ పట్టుకోరు."

పలక వేసుకున్నాను. చేతులు ఆనించి జరిగాను. చెమటలు పట్టాయి, ఊపిరి ఆడలేదు.

కానీ సీట్లో కూర్చున్నాను. కుర్చీ మడిచి పక్క సీట్లోకి లాక్కుని, తలుపు నేనే వేసుకున్నాను.

అద్దంలోంచి చూస్తే అన్నయ్య గోడ వైపు తిరిగి కర్చీఫ్‌తో ముక్కు తుడుచుకుంటున్నాడు.

ఆ తర్వాత ఉద్యోగం మానే మాట మా ఇంట్లో రాలేదు. పదో తరగతి పిల్లలకు పొద్దున్నే స్పెషల్ క్లాసులు తీసుకున్నాను. అమ్మను కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఏ పనీ లేకపోయినా, మిర్చి ఆరబోసిన కల్లాల పక్కన కారాపి, అద్దాలు దించి, ఘాటుకు తుమ్ముతూ ఊరికే కూర్చున్నాను.

ఎవరినీ అడక్కుండా.

నిన్న మేడమ్‌లు తోడొస్తామన్నారు. వద్దన్నాను. ఒక్కదాన్నే మంగళగిరి వెళ్లి, అన్నయ్య పక్కన కూర్చుని చల్లబడ్డ చెయ్యి పట్టుకున్నాను.

ఎప్పుడు థాంక్స్ చెప్పబోయినా "ఏడిశావులే" అని మాట మార్చేవాడు.

నిన్న మాత్రం మొత్తం చెప్పనిచ్చాడు.

వెళ్లిరా అన్నయ్యా. వదినకూ పిల్లలకూ మేమున్నాం. ప్రభువు దగ్గర నీకు నెమ్మది దొరకాలి.