తిరుమల్ ఉమ్మేసిన గోలీలు

యాప్రాల్‌లో ఉండే మాజీ సిపాయి తిరుమల్ తనకొచ్చే ఫిట్స్‌ను తానెన్నడూ చూడలేదు. కళ్లు తెరిచేసరికి నేల మీద ఉంటాడు. నోట్లో నెత్తురు రుచి, ఎదురుగా భార్య సుకన్య ముఖం. ఎంతసేపు పడిపోయాడో ఆ ముఖం చూసే తెలుసుకుంటాడు.

మిజోరం అడవుల్లో ఫౌజు లారీ నడుపుతుండగా పట్టుకున్న మలేరియా మెదడుకెక్కింది. మూడు రోజులు తెలివి లేదు. ప్రాణం దక్కింది గానీ ఫిట్స్ మిగిలిపోయాయి. రెండేళ్లకు ఇంటికి పంపేశారు. వికలాంగ పింఛను అడిగితే, జబ్బుకూ సర్వీసుకూ సంబంధం లేదని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఫిట్స్ ఉన్నవాడికి స్టీరింగ్ ఎవరిస్తారు? సుకన్య కుట్టుమిషన్ మీదే ఇల్లు నడిచింది.

తొమ్మిదేళ్లకు, అతను పెట్టుకున్న అప్పీలు మీద ఫౌజు మెడికల్ బోర్డు మళ్లీ పిలిచింది. అప్పట్లో ఫీల్డ్ ఆసుపత్రిలో తనను చూసుకున్న నర్సింగ్ అసిస్టెంట్ జెఫ్రీ లాలాగూడలో ఉన్నాడని తెలిసి, సాక్ష్యం కోసం తిరుమల్ వెతుక్కుంటూ పోయాడు.

"నిన్నెట్ల మరుస్తనన్నా! హెలికాప్టర్ ఎక్కించింది నేనే. నిన్ను దించిన పెద్దాసుపత్రిల రిపోర్టు ఉండాలె, వాళ్లకు రాద్దాం" అన్నాడు జెఫ్రీ.

ఉత్తరం పెట్టారు. వారాలు గడిచినా జవాబు లేదు. బోర్డు తేదీ నెత్తి మీదికొచ్చింది. అప్పుడే బస్సులో కలిసిన ఓ పాత ఫౌజీ చెవిన వేశాడు: "రెండ్రోజులు ఫిట్స్ గోలీలు బంద్ చెయ్. డాక్టర్ల ముందట పడితే ఇంక సాక్ష్యమెందుకు?"

తిరుమల్ ఇంట్లో చెప్పలేదు. గోలీ నాలుక కింద పెట్టుకుని, సుకన్య అటు తిరగ్గానే మంచం కింద ఉమ్మేశాడు. రోడ్డు దాటుతుంటే ఫిట్స్ వస్తే? తీరా బోర్డులో రాకపోతే?

బోర్డుకు ముందురోజు మధ్యాహ్నమే వచ్చింది. కళ్లు తెరిస్తే కనుబొమ్మ పగిలి ఉంది. సుకన్య చేతిలో సగం కరిగిన గోలీలు.

"నువ్వే లేకుంటే పింఛను ఏం జేసుకోను?" అంది.

"నన్నెవ్వరు నమ్ముతలేరు సుకన్యా" అని అతను బావురుమన్నాడు.

మర్నాడు కనుబొమ్మ మీది కుట్లు చూసి ఇదేంటని బోర్డు డాక్టర్ అడిగాడు. గోలీల సంగతీ, రాని రిపోర్టు సంగతీ తిరుమల్ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. డాక్టర్ పెన్ను పక్కన పెట్టాడు.

"మీకు ఫిట్స్ ఉన్నాయని మాకు తెలుసు. ఎక్కడ మొదలయ్యాయన్నదే ప్రశ్న. ఆ రిపోర్టు తెండి. నెల రోజులు టైమిస్తున్నా."

ఆ నెలంతా పోస్ట్‌మ్యాన్ బండి చప్పుడు వినబడితే చాలు, తిరుమల్ గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు. ఇరవయ్యారో రోజున ఆసుపత్రి నుంచి కవరు వచ్చింది. అందులో జ్వరం పట్టిన తేదీ, స్థలం, మొదటి ఫిట్ వచ్చిన గంట కూడా ఉన్నాయి. పరుగున పోయి బోర్డుకు ఇచ్చొచ్చాడు. మరో మూడు నెలల ఎదురుచూపు తర్వాత నిర్ణయం అందింది.

"సర్వీసు వల్ల వచ్చిన జబ్బే" అని సుకన్య చదివింది. ఆ వాక్యమే మళ్లీ చదవమన్నాడు. చదివింది.

ఆ సాయంత్రం జెఫ్రీకి చెప్పడానికి ఇద్దరూ లాలాగూడ బయల్దేరారు. బస్సులో కిటికీ వైపు తిరుమల్ కూర్చున్నాడు. పడబోతే పట్టుకోవడానికి వీలుగా సుకన్య ఇవతల కూర్చుంది.