అత్త లేవని గద్దీ

మొన్న కుర్చీ కొందామని వెళ్ళాను. కొట్లో కంప్యూటరు పెట్టినప్పటి నుంచీ, సాయంత్రానికి నా నడుం ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టుంటోంది. వీపు వంపును బట్టి తనూ వంగే కుర్చీలు వచ్చాయని ఎవరో చెప్పారు. షోరూములో అమ్మాయి మన తెలుగు పిల్లే. తాతల కాలంలో రైల్వే డ్యూటీకి వచ్చి బిలాస్‌పూర్‌లో ఉండిపోయిన కుటుంబం, రెండు మాటలు తెలుగు, నాలుగు మాటలు హిందీ. నేను అలవాటు ప్రకారం ఇక కొననన్నట్టు లేచి, గుమ్మం దాకా వెళ్ళి, ఎవరూ పిలవకపోయినా పిలిచినట్టు వెనక్కి వచ్చాను. ఆ పిల్ల ధర తగ్గించలేదు గానీ సలహా ఒకటి ఊరికే ఇచ్చింది. "అంకుల్, కుర్సీ ఎంత మంచిదైనా సరే, మధ్యమధ్యలో లేచి థోడా నడవాల. కూకుండిపోతే నడుం పోద్ది." లేవడమే మందైతే కుర్చీ ఎందుకమ్మా, నాకు ఆ గుమ్మమే అమ్మెయ్యి అన్నాను. తను నవ్వింది. నేనూ నవ్వబోయాను, కానీ మా మేనత్త గుర్తొచ్చింది. ఆ మాటే ఆవిడకి ఎవరెవరు చెప్పారో, ఎందుకు వినలేకపోయిందో గుర్తొచ్చింది.

ఎనభైల నాటి మాట. స్టేషను నుంచి వచ్చే దారిలో మా కొట్లు రెండూ పక్కపక్కనే ఉండేవి. మాది స్టీలు సామాన్లు. అత్తది జాకెట్టు ముక్కలు, లంగా గుడ్డ, చీరల ఫాల్సు అమ్మే మ్యాచింగు కొట్టు. అప్పట్లో కొట్టంటే కుర్చీ, టేబులు కాదు. అడుగెత్తు చెక్క అరుగు, దాని మీద దూది పరుపు, పైన తెల్ల దుప్పటి, వెనక గుండ్రటి బాలీసు. దాన్ని గద్దీ అనేవాళ్ళం. యజమాని పొద్దున్నే అగరొత్తి వెలిగించి దాని మీద బాసింపట్టు వేసుకున్నాడంటే మళ్ళీ షట్టరు దించే వేళకే లేవడం. కొనేవాడి బలం లేవడంలో ఉంది, అమ్మేవాడి బలం కూర్చోవడంలో ఉంది అనేవాడు మా నాన్న. కొనేవాడు లేస్తే ధర దిగుతుంది, అమ్మేవాడు లేస్తే లక్ష్మి లేచిపోతుంది. అందుకని మా వీధిలో నడుం నొప్పి లేనివాణ్ణి నిన్నగాక మొన్న కొట్టు పెట్టినవాడి కింద లెక్కేసేవాళ్ళం. సాయంత్రం షట్టర్లు దించాక ఎదురు కొట్టు సింధీ కిరాణా ఆయనా, మూల మీది మార్వాడీ ఆయనా, మా నాన్నా నడుములు వంచుకుని వీధిలోకి వచ్చేవాళ్ళు. తెలియనివాళ్ళు చూస్తే ఎంత వినయవంతులో, ఒకరికొకరు దణ్ణాలు పెట్టుకుంటున్నారు అనుకోవాలి.

మావయ్య, అంటే అత్త భర్త, పిల్లలు లేకుండానే పోయాడు. ఆ కొట్టు ఆయన తండ్రి పెట్టింది. కాబట్టి తమ్ముడికి చెందాలని కొందరు, భార్యకి చెందాలని కొందరు అన్నారు. కోర్టుకి వెళితే మనవలు తీర్పు వింటారని అందరికీ తెలుసు. వీధిలో పెద్దలు ఒక మధ్యాహ్నం మా కొట్లోనే కూర్చుని, టీలు తాగి తేల్చారు. గద్దీ మీద ఎవరు కూర్చుని నడిపిస్తే కొట్టు వాళ్ళది. ఆవిడ కూర్చున్నంత కాలం ఆవిడది. కూర్చోలేని రోజున మరిదిది. ఆడమనిషి ఎన్నాళ్ళు కూర్చుంటుందిలే అని వాళ్ళ ధైర్యం. ఆ మర్నాడు పొద్దున్న అత్త వెళ్ళి గద్దీ ఎక్కింది. మేము సాయం కూర్చోవడానికి లేదు. పుట్టింటివాడు మెట్టినింటి గద్దీ మీద కూర్చుంటే కొట్టు పుట్టింటికి పోయినట్టేనని మా వీధి ఆచారం. అప్పటికి మీసాలొచ్చి మా కొట్లో బేరాలు చూస్తున్నవాణ్ణే అయినా, అత్త కొట్లో నా చోటు కొనేవాళ్ళ బల్ల వరకే.

ఆ బల్ల మీద నాకు తోడు ఆవిడ మరిది. ఆయన్నీ నేను మావయ్యా అనే పిలిచేవాణ్ణి. ఊళ్ళోనే తోర్వా వైపు అద్దె కొట్టు నడిపేవాడు, అది సరిగ్గా నడిచేది కాదు. చెడ్డవాడని చెప్పలేను. మెత్తటి మనిషి, ముగ్గురు పిల్లల తండ్రి, తన తండ్రి కట్టిన కొట్లో తనకి బల్ల మీదే చోటని లోపల బాధ ఉన్నవాడు. రోజూ మధ్యాహ్నం స్కూటరు ఆపి, వచ్చి కూర్చుని, నడుం మీద చెయ్యి పెట్టుకున్న వదినని చూసి అనేవాడు. "వదినా, కాసేపు లెగిసి అలా తిరిగిరా. నేను చూసుకుంటాన్లే."

"నువ్వు చూసుకుంటావనే లెగడం లేదు బాబూ," అనేది అత్త, గజంబద్ద మీంచి కళ్ళెత్తకుండా.

కర్గీ రోడ్ స్టేషనులో పొద్దుటి బండెక్కి వచ్చే కోటా పల్లె ఆడవాళ్ళు ఆవిణ్ణి దాఈ, అంటే అమ్మా, అని పిలిచేవాళ్ళు. వాళ్ళ కోసం లేచి పైఅరల్లోంచి గుడ్డ తియ్యకూడదు కదా, అందుకని అత్త రంగులన్నీ చేతికి అందేలా చుట్టూ పేర్చుకుంది. ఎడమ పక్క ఎరుపులు, కుడి పక్క పచ్చలు, వీపు వెనక తెలుపులు. నడుం నుంచి పైకి మాత్రమే మెలితిరుగుతూ ఇంద్రధనుస్సు మధ్యలో కూర్చున్నట్టుండేది. ఆ మెలికలే ఆవిడ నడుముని తినేశాయని తరవాత డాక్టరు అన్నాడు. వేసవిలో ఈ ఊరి ఎండ ఎలాంటిదో తెలిసిందే. ఆ ఎండలో ఆవిడ మంచినీళ్ళు తాగడం తగ్గించేసింది. తాగితే లేవాలి. మా అమ్మ మజ్జిగ పంపితే నాకే తాగించేసి, గ్లాసు కడిగించి, బాగుందని చెప్పమనేది.

నొప్పికి వీధంతా వైద్యులే. సింధీ ఆయన ఆవనూనెలో వాము కాచి పంపించేవాడు. మార్వాడీ ఆయన భార్య ఇటుక వేడి చేసి గుడ్డలో చుట్టి కాపడం పెట్టమంది. మా నాన్న బాలీసు కింద బాలీసు పెట్టించాడు, పరుపులో ఇంకో పొర దూది వేయించాడు. దాంతో గద్దీ మెత్తబడి, మనిషి లోపలికి దిగి, నొప్పి రెట్టింపైంది. గమ్మత్తేమిటంటే ఇంతమందిలో ఒక్కరూ లేవమని చెప్పలేదు. కూర్చునే బతికే వీధి అది. లేవడమనే మందు ఎవరి అరల్లోనూ లేదు.

చివరికి ఒక ఆదివారం కొట్టు మూసి ఉన్న పూట, నేనే బలవంతంగా రిక్షా ఎక్కించి ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన బెంగాలీ మనిషి, హిందీలో ఓపికగా చెప్పాడు. నేల మీద కూర్చోవద్దు, కూర్చున్నా కాళ్ళు కిందకి వేలాడాలి, అరగంట కాకుండానే లేవాలి, పడుకుని నడుం ఎత్తి దించే వ్యాయామం రోజూ చెయ్యాలి, నీళ్ళు బాగా తాగాలి. నేను ఫీజు దగ్గర బేరమాడబోతే అత్త గిల్లింది. బయటికి వచ్చాక రిక్షాలో నవ్వింది. "మంచోడ్రా. అన్నీ సరిగ్గానే చెప్పాడు. మా మరిది కూడా అవే చెప్తాడు."

"పోనీ ఒక కుర్చీ వేయించుకో అత్తా."

"కుర్చీ ఎవరైనా జరిపీగలరు. గద్దీ జరపలేరు," అంది. గోల్ బజారు దాటాక, "నడుం ఏటి, ఇంకో పదేళ్ళు పన్జేస్తే చాలు నాయినా. కొట్టు లేకపోతే నేను ఎవరింట్లోనో ఓ మూల," అంది.

పదేళ్ళు పని చెయ్యలేదు. ఒక దసరా ముందు, కొట్టు నిండా జనం ఉండగా, వెనకనున్న తెల్ల గుడ్డ తాను కోసం మెలితిరిగిన అత్త మళ్ళీ ఇటు తిరగలేకపోయింది. అరవలేదు కూడా. చేతిలో తాను అలాగే పట్టుకుని, "అచ్ఛా, ఒక్క నిమిషం అమ్మా," అంది ఎదురుగా ఉన్న కోటా ఆవిడతో. ఆ నిమిషం అయిపోయినా తిరగకపోయేసరికి అందరికీ అర్థమైంది. కొనేవాళ్ళ బల్ల మీదే పడుకోబెట్టి మోసుకెళ్ళాం. ఒక పక్క నేను, ఒక పక్క మరిది. ఆయన కళ్ళనీళ్ళు నేను చూశాను. అవి దొంగ నీళ్ళు కావు. ఆవిణ్ణి ఆసుపత్రిలో దించి, చెప్పులు ఆవిడ మంచం కింద సరిగ్గా పెట్టి, తిన్నగా కొట్టుకి వెళ్ళి గద్దీ ఎక్కాడు. పండగ రోజుల్లో కొట్టు మూస్తే ఎలా అన్నారు పెద్దలు. నిజమే, ఎలా?

అత్త మా ఇంట్లో గట్టి బల్ల మీద పడుకుంది. చలికాలమంతా డాక్టరు చెప్పిన వ్యాయామాలు ఒక్కటి తప్పకుండా చేసింది. మళ్ళీ కూర్చోవాలని చేసింది. నీళ్ళు తాగింది, మొదట గోడ పట్టుకుని, తరవాత నా చెయ్యి పట్టుకుని, తరవాత ఏదీ పట్టుకోకుండా నడిచింది. నొప్పి పోయింది. పూర్తిగా పోయింది. డాక్టరు ఆవిణ్ణి చూసి సంతోషపడి, మిగతా రోగులకి చూపించాడు.

హోలీ వెళ్ళాక ఒక పొద్దున్న ఇస్త్రీ చీర కట్టుకుని కొట్టుకి బయల్దేరింది. నేను వెనకాలే. నిటారుగా నడిచింది, వీధిలో అందరూ లోపల కూర్చునే దణ్ణాలు పెట్టారు. గద్దీ ముందు నిలబడి, "లెగు మరిదీ," అంది.

ఆయన తడబడ్డాడు. లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు. నెమ్మదిగా అన్నాడు. "మళ్ళీ నడుం పోగొట్టుకుంటావా వదినా? కింద కూర్చోవద్దని డాక్టరే చెప్పాడు కదా."

నేను కలగజేసుకున్నాను. బేరాల్లో పుట్టి పెరిగినవాణ్ణి, నాకు తెలిసిన విద్యలన్నీ వాడాను. పొద్దుట ఆవిడ, సాయంత్రం నువ్వు అన్నాను. సగం గద్దీ తీసి కుర్చీ వేద్దాం అన్నాను. సింధీ ఆయన్ని పిలిచాను, మా నాన్నని పిలిచాను. వచ్చిన ప్రతి పెద్దమనిషీ తన నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఆరోగ్యం కన్నా ఏముందమ్మా అన్నాడు. అందరూ అన్నది నిజమే కావడంతో నాకు వాదించడానికి పట్టు దొరకలేదు. ఆఖరికి, "పద అత్తా, వెళ్ళిపోదాం," అని కొనేవాళ్ళ బల్ల మీంచి లేచాను. ఈసారి నన్ను ఎవరైనా వెనక్కి పిలుస్తారేమోనని నిజంగానే ఆగాను. ఎవరూ పిలవలేదు.

తరవాత ఆవిడ చాలా ఏళ్ళు బతికింది. తొంభైల దశకం దాదాపు అంతా చూసింది. మరిది నెలనెలా క్రమం తప్పకుండా డబ్బు పంపేవాడు, అత్త వద్దనేది కాదు, థాంక్స్ అనేది కాదు. రోజూ సాయంత్రం రైల్వే కాలనీ చెట్ల కింద నడిచేది. ఆ వయసులో అంత తిన్నని నడుం మా వీధిలోనే లేదు. క్వార్టర్ల గుమ్మాల్లో ఆడవాళ్ళు, "ఏటి తింటన్నావమ్మా, ఇంత కులాసాగా ఉన్నావు?" అని అడిగేవాళ్ళు. ఒకరోజు వాళ్ళు అలా అడిగి లోపలికి వెళ్ళాక నాతో అంది. "ఈ నడుం ఏం చేసుకోనురా? దీన్ని పెట్టుకుని కూకోడానికి చోటు లేదు." అంతలోనే నా మొహం చూసి జాలిపడి, రేపు ఉల్లిపాయలు ఎక్కడ చవకో అడిగింది.

కాలం ఎంత నొప్పినైనా తగ్గిస్తుందంటారు. తగ్గిస్తుంది, నేను చూశాను. కాకపోతే బదులుగా ఏం తీసుకుంటుందో ముందు చెప్పదు. ధర చెప్పకుండా అమ్మే కొట్టు నేను చూసినంతలో అదొక్కటే. అక్కడ లేచి గుమ్మం దాకా వెళ్ళినా వెనక్కి పిలిచేవాడు ఉండడు.